తెలుగు పాఠమూ, నేటి యంత్రాలూ

కళాశాలలో తెలుగు చెప్పే ఉపన్యాసకునికి ఒకప్పుడు కావలసిన సామగ్రి చాల తక్కువ. పుస్తకం, సుద్దముక్క, మంచి గొంతు ఉంటే చాలును. నేడు కళాశాల యాజమాన్యాలు ఆయన ముందు ఒక కంప్యూటరును, గోడమీద ఒక తెరను, విద్యార్థుల చేతులలో సెల్‌ఫోన్లను పెట్టి, వీటితో పాఠం చెప్పవలసినదిగా కోరుతున్నవి. ఎట్లు చెప్పవలెనో నేర్పుటకు శిక్షణ తరగతులు కూడ జరుగుతున్నవి. అయితే అక్కడ నేర్పే విషయాలు చాలవరకు భౌతికశాస్త్రం, వాణిజ్యశాస్త్రం చెప్పేవారిని దృష్టిలో పెట్టుకొన్నవి. పటాలు, పట్టికలు, లెక్కలు తెరమీద చూపే విధానం పద్యం చెప్పేవానికి ఎంతవరకు ఉపకరిస్తుంది? తెలుగు అధ్యాపకుని అవసరాలు వేరు. ఆయనకు కావలసినవి నమ్మదగిన పాఠం, నిఘంటువు, ఛందస్సు, ఉచ్చారణ. మన పాఠకులలో అధ్యాపక వృత్తిలో ఉన్న రచయితలు పెక్కుమంది. వారికి ఆచరణలో పనికివచ్చే నాలుగు విషయాలు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

అన్నిటికంటె ముందు అక్షరం సంగతి చూడవలె. కంప్యూటరు లోపల అక్షరాలు ఉండవు, అంకెలే ఉంటవి. ఏ అంకె ఏ అక్షరానికి గుర్తు అన్న ఒప్పందం మీదనే వ్రాత అంతా నడుస్తుంది. భారతీయ భాషలన్నిటికి కలిపి 1988లో ఇస్కీ అనే ఒప్పందం వచ్చినది. 1991లో అది జాతీయ ప్రమాణమైనది. అదే ఏడు ప్రపంచ భాషల కన్నిటికి ఉద్దేశించిన యూనికోడు వెలువడినది. దాని తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం దొరికినది. కాని అచ్చుపని చేసేవారికి యూనికోడు చాలకాలం అందుబాటులోకి రాలేదు. వారు వాడిన పాత ఫాంట్లలో ఒక ఉపాయం ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన అంకెల మీదనే తెలుగు అక్షరాల బొమ్మలు తొడిగినారు. అంటే కంప్యూటరు దృష్టిలో అది ఇంగ్లీషు. కంటికి మాత్రం తెలుగు. ఆ ఫాంటు ఉన్నంతకాలం చిక్కు లేదు. ఫాంటు పోయిననాడు తెలుగు పోతుంది; చుక్కలు, గీతలు, ఇంగ్లీషు అక్షరాల గందరగోళం మిగులుతుంది.

ఇది సిద్ధాంతచర్చ కాదు. నా అనువాద గ్రంథం ఒకదానిని 1990ల చివర ఒక ప్రచురణకర్త అట్టి ఫాంటులో కూర్పించినారు. పుస్తకం అచ్చయినది, ప్రతులు అయిపోయినవి. ఇరవై ఏండ్ల తరువాత రెండవ ముద్రణకు ఫైలు కావలెనని అడిగితే వారు ఫైలు పంపినారు గాని, దానిని తెలుగుగా చూపగల కంప్యూటరు వారి దగ్గరను లేదు, నా దగ్గరను లేదు. మూడువందల పుటలు మళ్ళీ మొదటినుండి కూర్పించవలసి వచ్చినది. అచ్చుప్రతి ఒకటి నా బీరువాలో ఉన్నది కనుక సరిపోయినది. అచ్చు కానివి, అంటే పాఠ్యప్రణాళికలు, ఉపన్యాసపు వ్రాతలు, సగం జరిగిన పరిశోధనలు, ఇట్లా ఎన్ని మూగవోయినవో ఎవరు లెక్క తేల్చగలరు? తాటాకు వందల ఏండ్లు నిలిచినది. మన ఫైళ్ళు ఇరవై ఏండ్లకే అపరిచితమైనవి.

పరిశోధన గ్రంథాల విషయంలో ఈ లోపం మరింత నష్టం చేసినది. విశ్వవిద్యాలయాలకు సమర్పించే సిద్ధాంత వ్యాసాల ఎలక్ట్రానిక్ ప్రతి కూడ ఇవ్వవలెనని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2009లో నిబంధన చేసినది. గాంధీనగరంలోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ శోధగంగ పేర వాటిని భద్రపరచి అందరికి అందిస్తున్నది. తెలుగు సిద్ధాంత వ్యాసాలు అందులో చాలనే ఉన్నవి. వాటిలో పాత ఫాంట్లతో కూర్చినవాటిని తెరచి చదువవచ్చును గాని, ఒక మాటకోసం వెదకలేము, ఒక వాక్యం ఎత్తి మన వ్యాసంలో చేర్చుకోలేము. పుట కనబడుతుంది, పాఠం దొరకదు. పర్యవేక్షకులు తమ విద్యార్థుల చేత ఒక చిన్న పరీక్ష చేయించవలె. సమర్పించబోయే పి.డి.ఎఫ్. నుండి ఒక తెలుగు వాక్యాన్ని ఎత్తి మరియొకచోట పెట్టి చూడవలె. తెలుగుగానే వచ్చినచో ఆ గ్రంథం బ్రతుకుతుంది. రానిచో దానిని వెనుకకు పంపి యూనికోడులో తిరిగి చేయించుట పర్యవేక్షకుని ధర్మమని నా అభిప్రాయం. పాత ఫాంటునుండి యూనికోడుకు మార్చే పరికరాలు ఉన్నవి. వాటిని వాడవచ్చును, కాని మార్చిన తరువాత వత్తులను, సున్నలను, అరసున్నలను ఒక మనిషి చదివి సరిచూడక తప్పదు.

టైపు చేయుటకు దారులు పెక్కు. ఇన్‌స్క్రిప్టు అనే ప్రమాణ విన్యాసంలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చునట్లు అమర్చినారు. భారతీయ భాషలన్నిటికి ఇది ఒకే తీరున ఉన్నది కనుక, తెలుగుతోపాటు హిందీ, కన్నడం వ్రాసే అనువాదకులకు దీనికి మించినది లేదు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టితే తెలుగు వచ్చే పద్ధతి మరియొకటి. లేఖిని వంటివి ఆ కోవకు చెందినవి. నేర్చుకొనుట తేలిక, మొదటి రోజుననే పని జరుగుతుంది. ఫోనుకు నోటితో చెప్పితే వ్రాసిపెట్టే సౌకర్యం కూడ వచ్చినది. ఉత్తరాలకు, తొలి చిత్తుకు అది చాలును. పద్యాలను మాత్రం దానికి అప్పగించరాదు. సంధి కలిసిన మాట దాని చెవికి అందదు. పాత శాసనాలలోని ఴ అనే అక్షరానికి 2014లోను, దంత్య చ, జలకు 2008లోను యూనికోడులో స్థానం లభించినది. కావున భాషాచరిత్ర చెప్పేవారు ఆ అక్షరాలను చేతితో గీసి చూపవలసిన అవసరం ఇప్పుడు లేదు.

ఇక వెదకుట. యంత్రం వలన తెలుగు అధ్యాపకునికి కలిగిన పెద్ద లాభం ఇదే. ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. ఒక మాట ఒక కావ్యంలో ఎక్కడెక్కడ ఉన్నదో చూడవలెనంటే పూర్వం పదసూచికలు కావలసి ఉండెను, లేదా కావ్యం అంతా కంఠస్థమైన పండితుడు కావలసి ఉండెను. ఇప్పుడు యూనికోడు పాఠం చేతిలో ఉంటే క్షణంలో పని. కాని యంత్రానికి సంధి తెలియదు, ఆదేశాలు తెలియవు. అది అక్షరాలను అక్షరాలతో పోల్చుతుంది, అంతే. తెలుగు కావ్యంలో మాట తన నిఘంటురూపంలో ఉండే సందర్భాలు తక్కువ.

‘ఏనుఁగు’ అన్న మాటను వెదకుదాము. వాక్యారంభంలో ఉన్న ఏనుఁగు దొరుకుతుంది. ‘మదపుటేనుఁగు’లోని ఏనుఁగు దొరకదు. మనకు రెండింటిలోను ఉన్నది ఒకే ఏకారం. యంత్రానికి మాత్రం ‘ఏ’ అనే అచ్చు ఒక అంకె, ‘టే’ మీది ఏత్వం వేరొక అంకె. ‘ఆయేనుఁగు’ అని యడాగమం వచ్చినచోట కూడ ఇదే కథ. అందుచేత అచ్చుతో మొదలయ్యే మాటను వెదకేటప్పుడు ఆ అచ్చును విడిచిపెట్టి ‘నుఁగు’ అని వెదకవలె. పాఠం కూర్చినవారు అరసున్నలను పాటించినారో లేదో చెప్పలేము కనుక ‘నుగు’ అని మరియొకసారి వెదకవలె. ఱకార రకారాల మాట కూడ ఇంతే. ఏఱు అని కొందరు, ఏరు అని కొందరు కూర్చినారు.

పరుషాలతో మొదలయ్యే మాటల విషయం ఇంకను చిక్కు. ద్రుతం తరువాత కలువలు ‘గలువలు’ అవుతవి. ప్రథమ మీద పలికె ‘వలికె’ అవుతుంది, చెప్పె ‘సెప్పె’ అవుతుంది. ‘చెప్పె’ అని ఒకసారి వెదకి, ఈ కవి ఈ క్రియను ఇన్నిసార్లే వాడినాడని లెక్క కట్టి వ్యాసం వ్రాసినవాడు సగం లెక్క మాత్రమే చూచినట్లు. క అయితే గ, చ అయితే జ, స, ట అయితే డ, త అయితే ద, ప అయితే బ, వ, ఈ రూపాలన్నిటిని వేరువేరుగా వెదకవలె. లేదా మొదటి అక్షరాన్ని వదలి తక్కిన భాగాన్ని వెదకి, వచ్చిన ఫలితాలను కంటితో ఏరుకోవలె. ‘లుకు’ అని వెదకితే పలుకుతోపాటు చిలుకు, కులుకు కూడ వస్తవి. వాటిని తీసివేయుట ఒక పూట పని. మరియొక చిక్కు వృత్తపద్యాలది. మాట ఒక పాదం చివర మొదలై తరువాతి పాదంలో ముగియవచ్చును. కంప్యూటరులో ఆ రెండు ముక్కల మధ్య పంక్తి విరుగుతుంది కనుక అట్టి మాట వెదకుటకు అందదు. వెదకే ప్రతిలో పాదాలను ఒకే పంక్తిగా కలిపి ఉంచుకొంటే ఈ బాధ తీరుతుంది. మూలప్రతిని మార్చకుండ వేరొక నకలులో ఈ పని చేసుకోవలె.

బి.ఏ. తరగతిలో సంధి సూత్రాలు చెప్పేటప్పుడు విద్యార్థులకు నిద్ర వచ్చుట అందరికి అనుభవమే. సూత్రం చెప్పి, ఉదాహరణ చెప్పి, మరునాడు అడిగితే మౌనం. అదే విద్యార్థులకు ఒక కావ్యభాగం యూనికోడు ప్రతి ఇచ్చి, ఈ ఆశ్వాసంలో ‘కన్నులు’ ఎన్నిసార్లు వచ్చినదో లెక్క పెట్టండి అని చెప్పి చూడండి. ఒకడు ఒక సంఖ్య చెప్పుతాడు, ఇంకొకడు మరియొకటి చెప్పుతాడు. ఎందుకు తేడా వచ్చినదో వారే తేల్చుకోవలె. ‘గన్నులు’ అన్న రూపాన్ని రెండవవాడు వెదకినాడు, మొదటివాడు వెదకలేదు. అప్పుడు సరళాదేశం సూత్రం కాక అవసరం అవుతుంది. వ్యాకరణ బోధనకు యంత్రం చేసిన ఉపకారాలలో దీనిని నేను ముందు లెక్కిస్తాను.

నిఘంటువుల సంగతి సంతోషకరం. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వెలువడినది. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చినది. బ్రౌను నిఘంటువు వాటికి ముందరిది. ఈ మూడింటిని, మరికొన్నింటిని ఒకే చోట వెదకే సౌకర్యం ఆంధ్రభారతి వారు కల్పించినారు. బ్రౌను, గ్విన్ నిఘంటువులు షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా నిఘంటువుల సముదాయంలో కూడ ఉన్నవి. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనో, ఢిల్లీ, మద్రాసు విశ్వవిద్యాలయాలలోనో తెలుగు చెప్పేవారికి దీని విలువ తెలుసును. తెలుగు నేలమీద ఉన్నవారికి అంతగా తెలియదు. ఒక మాటకు మూడు నిఘంటువులు మూడు విధాల అర్థం చెప్పినప్పుడు, ఆ తేడాను తరగతిలో తెరమీద పెట్టి ఏ అర్థం సందర్భానికి నప్పుతుందో విద్యార్థుల చేత తేల్పించవలె. అంతకంటె మంచి పాఠం తెరమీద మరియొకటి నాకు కనబడలేదు. తెరమీద పది పంక్తుల సారాంశం చూపి దానిని చదివి వినిపించుటకు మాత్రం తెర అక్కరలేదు, అధ్యాపకుడును అక్కరలేదు.

పాత పుస్తకాల మాట. రాజ్ రెడ్డి ప్రోత్సాహంతో పది లక్షల పుస్తకాల పథకం మొదలై, దానిలో భాగంగా ఏర్పడిన భారత డిజిటల్ గ్రంథాలయంలో వేలకొలది తెలుగు పుస్తకాలు స్కాను అయినవి. ఆ గ్రంథాలయం తరువాత మూతపడినది గాని పుస్తకాలు పోలేదు. పెక్కు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవులో దొరుకుతున్నవి. పాత పత్రికలను ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడెమీ స్కాను చేయించినది. అయితే వీటిని పట్టుకొనుట ఒక విద్య. పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో ఎవరికి తోచినట్లు వారు వ్రాసినారు. దీర్ఘాలు ఒకచోట ఉండవు, ఒత్తులు మరియొకచోట ఉండవు, కవి పేరు సంపాదకుని పేరుగా మారుతుంది. ఒక పేరును నాలుగైదు వర్ణక్రమాలతో వెదకుటకు ఓపిక ఉండవలె. దొరికిన తరువాత ముందుగా ముఖపత్రం చూడవలె. ఏ సంవత్సరం, ఎవరి పరిష్కరణ, ఏ ముద్రణ? ఇది తెలియకుండ పాఠం ఉదాహరించే అలవాటు ఫోనుల వలన విద్యార్థులలో పెరిగినది. వారికి కావ్యం దొరికినది గాని ప్రతి దొరకలేదు. పాఠాంతరాలు ఉన్న పద్యాన్ని రెండు ముద్రణలలోను చూపి, తేడా గుర్తించుమని అడిగితే ఈ అలవాటు కొంత తగ్గుతుంది.

స్కాను చేసిన పుటను యూనికోడు పాఠంగా మార్చే ఓ.సి.ఆర్. పద్ధతి తెలుగుకు ఇటీవల బాగుపడినది. వికీసోర్సులో స్వచ్ఛందంగా పనిచేసేవారు దీనితోనే పుటలు మార్చి, తరువాత ఒక్కొక్క పుటను సరిదిద్దుతున్నారు. పొరపాట్లు ఊహించదగినవే. ద, ధ, థలు ఒకదానికొకటి మారుతవి. డ, ఢలు, బ, భలు అంతే. ప, వ, షల మధ్య గీత చెదిరితే ఏది ఏదో తెలియదు. అన్నిటికంటె నిశ్శబ్దంగా పాడయ్యేది అరసున్న. అది ఎగిరిపోవచ్చును, నిండుసున్నగా మారవచ్చును. ఎగిరిపోతే పద్యానికి హాని లేదు. నిండుసున్న అయితే గణం చెడుతుంది. ‘కలఁగు’లో మూడు లఘువులు; ‘కలంగు’లో నడుమ గురువు వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ మన ఛందస్సు అచ్చుతప్పులు పట్టే పరికరం అవుతున్నది. దిలీప్ మిరియాల చేసిన ‘ఛందం’ అనే సాధనంలో పద్యం పెట్టితే అది గురులఘువులను గుర్తించి, గణాలు, యతి, ప్రాస సరిచూచి, ఇది ఫలానా పద్యమని చెప్పుతుంది. ఓ.సి.ఆర్. పాఠాన్ని దానిలో పెట్టితే చెడిన పాదం బయటపడుతుంది. అన్ని తప్పులూ ఛందస్సుకు దొరకవు. ద బదులు ధ పడితే గణం చెడదు. కాని సున్నలు, దీర్ఘాలు, ద్విత్వాలు చాలవరకు దొరుకుతవి.

తరగతిలో దీనిని వాడేటప్పుడు ఒక క్రమం పాటించవలె. ముందు కాగితం మీద చేతితో గణవిభజన, తరువాతనే యంత్రం. క్రమం తలక్రిందులైతే విద్యార్థి ఛందస్సు నేర్చుకోడు, ఛందస్సు చెప్పే యంత్రాన్ని వాడుట నేర్చుకొంటాడు. చేతితో చేసినదానికి, యంత్రం చెప్పినదానికి తేడా వచ్చినప్పుడు ఎవరు ఒప్పు అని అడుగవలె. ఒక్కొక్కసారి విద్యార్థి ఒప్పు, యంత్రానికి ఇచ్చిన పాఠం తప్పు. ఆ సంతోషం వానికి ఒక్కసారి కలిగితే చాలును.

2022 నవంబరు తరువాత వ్యాసం వ్రాసిపెట్టే యంత్రాలు కూడ విద్యార్థుల చేతికి వచ్చినవి. వీటిని నిషేధించుట సాధ్యం కాదు, ఆరాధించుట అవసరం లేదు. తెలుగులో వీటి వ్రాత పైకి నున్నగా ఉంటుంది. కవుల కాలాలు, కృతుల పేర్లు, పుటసంఖ్యలు మాత్రం కల్పించి చెప్పే గుణం వీటికి ఉన్నది, అందులోను తడబాటు లేకుండ చెప్పుట వీటి ప్రత్యేకత. ఉత్పలమాల వ్రాయుమంటే వ్రాస్తుంది. భ ర న భ భ ర వ అనే గణాలు, పదవ అక్షరం యతి అని లక్షణం కూడ చెప్పుతుంది. పద్యంలో మాత్రం తరచు ఆ గణాలు ఉండవు. లక్షణం తెలిసి లక్ష్యం తెలియని ఇట్టి పండితులు మనకు కొత్త కాదు. దీనిని పాఠంగా మార్చవచ్చును. యంత్రం చేత పద్యం వ్రాయించి, దానిని విద్యార్థుల చేత పరీక్షింపజేసి, గణభంగాలు, యతిభంగాలు, దుష్టసంధులు గుర్తించి మార్కులు వేయుమనవలె. పరీక్షకునిగా కూర్చున్న విద్యార్థికి లక్షణగ్రంథం తెరవక తప్పదు.

ఇంటివద్ద వ్రాసి తెచ్చే వ్యాసాలకు ఇచ్చే విలువను తగ్గించి, వాటిమీద నోటిప్రశ్నలకు ఇచ్చే విలువను పెంచవలె. ఉదాహరించిన ప్రతి వాక్యానికి అచ్చుపుట ఛాయాచిత్రం జతచేయుమనుట కూడ మంచిది. వ్యాసం మనిషి వ్రాసినదా, యంత్రం వ్రాసినదా అని తేల్చుతామని చెప్పే యంత్రాల మాట నమ్మి ఏ విద్యార్థినీ దండించరాదు. రచనాచౌర్యం మీద విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2018లో చేసిన నిబంధనలలో పదిశాతం వరకు పోలిక ఉంటే దండన లేదని ఉన్నది. మూలం చెప్పి ఉదాహరించిన భాగాలను ఆ లెక్కలోనుండి మినహాయించవలెనని కూడ ఉన్నది. తెలుగు సిద్ధాంత వ్యాసంలో పద్యోదాహరణలు పుటలకు పుటలు ఉంటవి కనుక ఈ రెండవ మాటను పరిశోధకులకు గట్టిగా చెప్పవలె.

అనువాదం చెప్పేవారికి యంత్రానువాదం చక్కని అభ్యాసవస్తువు. ఇంగ్లీషు కథలో ఒక సర్వనామం వస్తుంది. తెలుగులో దానికి వాడు, అతడు, ఆయన, వారు అని ఎన్నో మెట్లు ఉన్నవి. యంత్రం ఒక మెట్టు ఎన్నుకొని కథ పొడుగునా దానిమీదనే నిలబడుతుంది, లేదా ఒక పేరాలో ఆయన అని, తరువాతి పేరాలో అతను అని తడబడుతుంది. తండ్రిని కొడుకు తలచుకొనేటప్పుడు ఏమనవలె, పగవాడు తలచుకొనేటప్పుడు ఏమనవలె అన్న చర్చ అక్కడ మొదలవుతుంది. యంత్రం వ్రాతను దిద్దుట మొదలుపెట్టిన విద్యార్థి కాసేపటికి దానిని విసర్జించి తానే మొదటినుండి వ్రాయుట నేను పెక్కుసార్లు చూచినాను.

గొంతు సంగతి చెప్పక తప్పదు. పద్యం వినవలసిన వస్తువు. ఘంటసాల పాడిన కరుణశ్రీ పుష్పవిలాపం ఎన్ని తరాల విద్యార్థులకు పద్యం మీద ప్రీతి కలిగించినదో చెప్పనక్కరలేదు. కాని ఆ బాణీయే పద్యానికి స్వభావం అని వారు అనుకొనుట పొరపాటు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలను రంగస్థల నటుడు చదివే తీరు ఒకటి, అవధాని ధారణలో చదివే తీరు ఒకటి, ఉపాధ్యాయుడు అర్థం విడివడేటట్లు చదివే తీరు మరియొకటి. ఒకే పద్యాన్ని ఈ తీరులన్నిటిలో వినిపించి, రాగంకోసం మాట ఎక్కడ విరిగినదో, అర్థంకోసం ఎక్కడ విరగవలెనో గుర్తించుమనవలె. తరువాత విద్యార్థులే చదివి ఫోనులో పట్టి పంపవలె. తన గొంతు తాను విన్న విద్యార్థి శ, ష, సలను మన ఉపదేశం లేకుండగనే దిద్దుకొంటాడు.

2020లో కళాశాలలు మూతపడినప్పుడు చాలమంది దృశ్యపాఠాలు చేసినారు. పల్లెలలోని విద్యార్థులు వాటిని చూడలేకపోయినారు. సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున పట్టిన ముప్పావుగంట శబ్దపాఠం 11 మెగాబైట్లకు లోబడుతుంది. సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున అదే పాఠాన్ని దృశ్యంగా పట్టితే 330 మెగాబైట్లు దాటుతుంది. తెలుగు పాఠానికి అధ్యాపకుని ముఖం అంత అవసరమా? శబ్దాన్ని పంపి, పద్యపాఠాన్ని విడిగా యూనికోడులో పంపితే ఏ ఊరి విద్యార్థికైనను అందుతుంది. బొమ్మగా పంపరాదు, బొమ్మలోని మాటను నిఘంటువులో వెదకలేరు.

పాఠాలు పంచేటప్పుడు రచయితల హక్కులను మరువరాదు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు అరువది ఏండ్లు హక్కు ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ రచనలు అందరివి. 1976లో మరణించిన విశ్వనాథ సత్యనారాయణ రచనలపై 2036 వరకు, 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలపై 2043 వరకు హక్కు ఉన్నది. తరగతి బోధనకు కొంత భాగం వాడుకొనుటకు చట్టం వీలు ఇచ్చినది. నవల మొత్తాన్ని స్కాను చేసి వాట్సాపులో వేయుట దాని క్రిందికి రాదు. రచయితలే అధ్యాపకులైన మన భాషలో ఈ తప్పు ఎక్కువగా అధ్యాపకుల వలన జరుగుట విచిత్రం.

చివరగా, విద్యార్థుల ఫోనులు పాఠం వినుటకే కాక పాఠం సంపాదించుటకు కూడ పనికివస్తవి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మీద 1962లోను, రెండవది చేనేత మీద 1971లోను వచ్చినవి. ఆ మాటలను నోట పలికినవారి తరం తగ్గిపోతున్నది. మీ తరగతిలో నేతగాని కొడుకో, కుమ్మరి మనుమరాలో తప్పక ఉంటారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దల మాటను అరగంట పట్టి తెమ్మనండి. ముందు అనుమతి అడిగి, ఆ అనుమతిని కూడ అందులోనే పట్టవలె. ఊరు, మండలం, వృత్తి, వయస్సు, తేదీ ఒక కాగితంమీద వ్రాసి ఫైలుకు జతచేయవలె. మాటను పుస్తకభాషలోకి మార్చకుండ విన్నది విన్నట్లు వ్రాయవలె. పనిముట్టు పేరు వచ్చినచోట ఆ పనిముట్టు ఛాయాచిత్రం తీయవలె. ఫైలును ఒకే ఫోనులో ఉంచక కళాశాల కంప్యూటరులో ఒక ప్రతి, బయట ఒక ప్రతి ఉంచవలె. ఏ పనిముట్టు పేరైనను ఆ రెండు సంపుటాలలో లేకపోతే దానిని ఎఱ్ఱసిరాతో గుర్తించి విడిగా ఒక పట్టిక వ్రాయుమనండి.